వస్తయి సారు కుండీల కాలువ

జయరామయ్య అనే అసలు పేరు రాయచూరులో ఆయన రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. భార్య కృష్ణాబాయికి గుర్తున్నా, ఆవిడ మొగుడి పేరు పలకదు.

ముప్పై ఏళ్ళు కాలువ మీద గేటు చౌకీలో ఉద్యోగం చేశాడాయన. కాలువ చివరనున్న ఊళ్ళ రైతులు ఎండలో పడి వచ్చి, "సార్, మాకు నీళ్ళు రాలే" అని మొత్తుకుంటే, కుర్చీలోంచి లేవకుండా ఒకటే మాట చెప్పేవాడు: "వదిలినం. వస్తయి." రైతులు ఆ మాట పట్టుకుని ఇంటికి పోయి, మర్నాడు మళ్ళీ వచ్చేవారు. నీళ్ళు మాత్రం వచ్చేవి కావు. అలా ఆయన వస్తయి సారు అయ్యాడు. రిటైరైన రోజు దండ వేసిన ఆఫీసరు కూడా "మన వస్తయి సారు" అనేశాడు. పాపం, ఈయన దాన్ని బిరుదనుకున్నాడు.

ఇప్పుడు ఆ దంపతులు హంపమ్మ ఇంట్లో పై వాటాలో అద్దెకుంటున్నారు. వరండా పొడవునా కృష్ణాబాయి కుండీలు పంతొమ్మిది. ఏ చుట్టం ఇంటికి వెళ్ళినా మంచినీళ్ళకన్నా ముందు కొమ్మ అడిగి తెచ్చుకున్న సంతానమది. అందులో గుండు మల్లె మాత్రం వాళ్ళమ్మ చేత్తో నాటి ఇచ్చింది. అమ్మ పోయింది, మల్లె ఉంది. అందుకని దాని జోలికి ఎవరూ పోరు.

చిక్కల్లా కింద పడే నీళ్ళతోనే. పైన కుండీలకు నీళ్ళు పోస్తే, అడుగు బొక్కల్లోంచి ఎర్రటి నీళ్ళు కింద హంపమ్మ వాకిట్లో పడతాయి. వేసవి వచ్చిందంటే ఆ వాకిట్లో హంపమ్మ సండిగెలు పెడుతుంది. వడియాలకు అక్కడ అదే పేరు.

ఆ ఆదివారం హంపమ్మ మెట్లెక్కి వచ్చి చెప్పేసింది.

"ఇగో కృష్ణక్కా, మా బిడ్డ మేఘా లగ్గానికి శుక్రారం నుంచి సండిగెలు పెడుతున్న. ఒక్క చుక్క పడ్డదనుకో, కుండీలన్నీ దించి ఎవరికన్న ఇచ్చెయ్యాలె. నేను మంచిదాన్నే గని, సండిగెల కాడ మాత్రం కాదు."

కృష్ణాబాయి మొహం చిన్నబోయింది. వెళ్ళి మల్లె కుండీ పక్కన కూర్చుంది. అప్పుడు జయరామయ్య పేపరు మడిచి లేచాడు.

"నేనున్న గద" అన్నాడు.

"నా భయం గూడ అదే" అంది కృష్ణాబాయి.

సోమవారం పొద్దున్నే ఆయన ఒక పీవీసీ పైపును నిలువునా చీల్పించి తెచ్చాడు. కుండీలన్నిటినీ ఇటుకల మీదికెక్కించి, కింద ఆ సగం పైపును పరిచాడు. కారే నీళ్ళన్నీ పైపులో పడి, వరండా మూలనున్న మోరీలోకి పోవాలి. మోరీ దగ్గర పైపుకు ఒక రేకు గేటు, దానికొక పిడి. గేటెందుకని భార్య అడిగితే, గేటు లేని కాలువ ఎక్కడన్నా ఉందా అని ఎదురడిగాడు.

వాలు లెక్క కాగితం మీద రాశాడు. ఆయన నేర్చుకున్న లెక్క ఒక్కటే: ఐదు వేల అడుగుల కాలువకు ఒక అడుగు వాలు. వరండా పొడవు ఇరవై అడుగులు. భాగించగా వచ్చిన వాలు అగ్గిపుల్ల మందం కూడా లేదు. ఆ లేని వాలును కొలవడానికి పూట పట్టింది.

కృష్ణాబాయి చేతిలో చాట పట్టుకుని కాసేపు చూసింది. "ఈ కొసకు కింద ఒక ఇటుక పెట్టున్రి. నీళ్ళు వాటంతట అవే ఉరుకుతయి."

"ఇటుక పెడితే నీళ్ళకు జోరెక్కువైతది. జోరెక్కువైతే కాలువ కట్ట కోసుకపోతది."

"పైపుకు కట్టెక్కడిది?"

"నీకు ఇంజనీరింగ్ తెల్వది కృష్ణా."

"మీకు తెలుసని ఎవరు చెప్పిన్రు?"

మంగళవారం ప్రారంభోత్సవం. కృష్ణాబాయి కుండీలకు నీళ్ళు పోసింది. నీళ్ళు పైపులో పడ్డాయి. పడి, అక్కడే ఉన్నాయి. జయరామయ్య మోరీ దగ్గర గొంతుక్కూర్చుని గేటెత్తి చూశాడు. చుక్క లేదు.

"ఏమైంది?" అంది కృష్ణాబాయి.

"వదిలినం గద. వస్తయి."

సాయంత్రానికి నీళ్ళు రాలేదు కానీ దోమలొచ్చాయి. పైపు నిండి, నీళ్ళు మళ్ళీ అంచు దాటి వాకిట్లోకే కారాయి. శుక్రవారం ఇంకా రాలేదు కాబట్టి హంపమ్మ పైకి చూసి ఊరుకుంది. ఆ చూపుకే జయరామయ్యకు చెమట పట్టింది.

బుధవారం ఆయన సిమెంటు కలిపాడు. "తప్పు కాలువది గాదు. కుండీలే కారుతున్నయి. గిట్లాంటిదొస్తే మా ఆఫీసుల లైనింగ్ జేస్తం" అని, పంతొమ్మిది కుండీల అడుగు బొక్కలనూ సిమెంటుతో మూసేశాడు.

కృష్ణాబాయి నెత్తి కొట్టుకుంది. "బొక్క మూస్తే చెట్టుకు ఊపిరెట్ల ఆడుతది?"

"చెట్టుకు ముక్కు కింద ఉంటదా?"

"మీకు పైన ఉండి ఏం ఫాయిదా అయింది?"

శుక్రవారం హంపమ్మ వాకిట్లో నాలుగు తెల్లచీరలు పరిచి సండిగెలు పెట్టింది. ఒక్క చుక్క పడలేదు. శనివారం పడలేదు. ఆదివారమూ పడలేదు. జయరామయ్య వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని, ఆనకట్ట కట్టించిన మంత్రిలాగా పచార్లు చేశాడు. హంపమ్మ కూడా "ఏమో అనుకున్న గని, షభాష్ సార్" అంది. ఆ ముక్కను ఆయన భార్యకు మూడుసార్లు చెప్పాడు.

సోమవారానికి కుండీల్లో మట్టి బురదైంది. కనకాంబరం కాళ్ళు విరిగినట్టు పడిపోయింది. మల్లె ఆకులు పసుపు పచ్చగా వేలాడాయి. కృష్ణాబాయి తిట్టలేదు. మల్లె ఆకు ఒకటి తుంచి ఆయన టీ కప్పు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది జయరామయ్యకు. పెళ్ళాం తిట్టని ఇల్లు ఎంత భయంకరంగా ఉంటుందో ఆయనకు ఆ రోజే తెలిసింది.

మంగళవారం ఆడవాళ్ళిద్దరూ లగ్గం చీరలకని బజారుకు పోయారు. ఇదే సందు. వాళ్ళొచ్చేలోగా గుట్టుగా బొక్కలు తెరిచేస్తే, చెట్లు బతుకుతాయి, పరువూ బతుకుతుంది. ఒక ఇనుప చువ్వ పట్టుకుని ఆయన మొదటి కుండీ పక్కన పడుకుని, ఇటుకల సందులోకి మొహం పెట్టాడు. ఒక్క పోటు పొడిచాడు. ఆరు రోజుల నీళ్ళు ధారగా మొహం మీద పడ్డాయి.

పని జరుగుతోందని సంతోషించి, వరసగా పంతొమ్మిదీ పొడుచుకుంటూ పోయాడు. చివరి కుండీ దగ్గర్నుంచి లేచి చూస్తే పైపు అంచుదాకా నిండి తొణుకుతోంది. గేటు మూసే ఉంది. మోరీ దగ్గరికి పరుగెత్తి పిడి లాగాడు. ఆయన సర్వీసులో గేట్లన్నీ చేసిన పనే ఇదీ చేసింది. గేటు కదలలేదు, పిడి ఊడి చేతికొచ్చింది.

ఇరవై అడుగుల కాలువ ఒక్కసారిగా పొంగింది. ఎర్రటి బురద నీళ్ళు జలజలా కింద నాలుగు చీరల మీదా పడ్డాయి. తెల్లటి సండిగెలు చూస్తుండగానే సున్నుండల రంగుకు తిరిగాయి. అదే క్షణాన వీధి గేటు ముందు ఆటో ఆగింది.

హంపమ్మ వాకిట్లో నిలబడి తల ఎత్తింది. పైన జయరామయ్య, మొహం నిండా బురదతో, చేతిలో పిడితో. ఆమె అరుస్తుందనుకున్నాడు. ఆమె నెమ్మదిగానే అడిగింది.

"సార్, మా నాయిన యంకప్ప యాదికున్నడా? కాలువ ఆఖరి ఊరు మాది. చేనికి నీళ్ళియ్యమని మీ చౌకీ ముందర ఎన్నేండ్లు నిలబడ్డడో. ఒక్క చుక్క రాలే." గట్టిగా ఊపిరి తీసుకుంది. "ఆ నీళ్ళు గిప్పుడొచ్చినయా సార్, నా సండిగెల మీదికి?"

జయరామయ్య చేతిలోని పిడిని వీపు వెనక దాచుకున్నాడు. యంకప్ప గుర్తున్నాడు. తువ్వాలు చంకలో పెట్టుకుని, రోజూ నమస్కారం పెట్టి మరీ వెళ్ళేవాడు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

కృష్ణాబాయి కింద హంపమ్మ ఇంట్లోకి పోయింది. జయరామయ్య మెట్ల మీద కూర్చుని, కుండీలకు ఆఖరి ఘడియలొచ్చాయని చెవులు రిక్కించాడు. అరుపులు వినపడలేదు. టీ గ్లాసుల చప్పుడు వినపడింది. తర్వాత నవ్వులు కూడా వినపడ్డాయి. అరుపులకన్నా ఆ నవ్వులకే ఆయన ఎక్కువ భయపడ్డాడు.

కాసేపటికి ఇద్దరూ పైకొచ్చారు. కృష్ణాబాయి పైపుకు ఆ కొసన కింద ఒక ఇటుక పెట్టింది. ఈ కొసన గేటు పీకి పారేసి, ఒక రబ్బరు పైపు తగిలించి, గోడ వెంబడి కిందికి దించింది. కింద కాంపౌండు గోడ పక్కన హంపమ్మ పుదీనా మడులున్నాయి, ఎండకు వడిలిపోయి. చెంబుడు నీళ్ళు పోసి చూస్తే సర్రున పోయి పుదీనాలో పడ్డాయి. మొత్తం పని అరగంట.

"నీళ్ళొద్దని నేనెప్పుడన్న?" అంది హంపమ్మ. "సండిగెల మీద వద్దన్న. మడికొస్తే ఎందుకొద్దంట?"

"మరి కుండీలు?" అన్నాడు జయరామయ్య బిక్కుబిక్కుమంటూ.

"ఉంటయి" అంది కృష్ణాబాయి. "మూడు షరతులు. పాడైన సండిగెల పిండి మళ్ళ మీరే కలపాలె. రోజూ పొద్దుగాల కింద కూచోని, పైపు ఒక మడి నుంచి ఇంకో మడికి మార్చాలె. కాకులొస్తే కొట్టాలె. సర్వీసు జేసినోళ్ళు గావాలని హంపమ్మ అడిగింది, మీ పేరు చెప్పిన."

మర్నాడు ఆరున్నరకే జయరామయ్య పుదీనా మడి పక్కన కుర్చీ వేసుకుని, ఒక చేతిలో పైపు కొస, ఒక చేతిలో కాకుల కట్టెతో కూర్చున్నాడు. ఏడైంది. పైపు కొసలో కన్ను పెట్టి చూశాడు. ఏడున్నరైంది. ఎండ మొహం మీదికొచ్చింది.

"కృష్ణా! నీళ్ళింకా రాలే!"

పైన వరండాలో కృష్ణాబాయి, హంపమ్మ మల్లె కుండీ పక్కన కూర్చుని టీ తాగుతున్నారు. మల్లెకు ఇంకా పచ్చగా మిగిలిన చిగురొకటి ఉంది, దాన్ని చూసుకుంటున్నారు. నీళ్ళ చెంబు ఇంకా కుళాయి దగ్గరే ఉంది.

కృష్ణాబాయి కుర్చీలోంచి లేవలేదు.

"వదిలినం" అంది. "వస్తయి."

ఆ మాటకు అర్థం జయరామయ్యకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. లేచి, కుర్చీని గోడ నీడలోకి జరుపుకుని, తువ్వాలు చంకలో పెట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.