గద్ద రెక్కకి మీసం

ఎదురు బ్లాకు భ్రమరాంబ లిఫ్టులో ఐదో అంతస్తు కమలాదేవితో అన్నదట, ఏడో అంతస్తు సీతారామారావు తండ్రి పోయాడని. పోయినాయన్ని ఆవిడ చూడలేదు, కొడుకు గుండు చూసింది. "గుండొక్కటే అయితే మొక్కనుకుందును వదినా, మీసం కూడా లేదు!" అన్నదట. హౌగాంగ్ పేటలో మాట పుడితే రైలుకన్నా ముందే స్టేషను చేరుతుంది.

ఆ ఆదివారం పొద్దున ఇవేవీ తెలియని సీతారామారావు తండ్రిని పాసిర్ రిస్ బీచికి తీసుకెళ్లే ఏర్పాట్లలో ఉన్నాడు. ఆ తండ్రి అనంతరామయ్య ఇండియానుంచి వచ్చి రెండు నెలలైంది. శుక్రవారం తిరుగు విమానం. మనవరాలు మహతి పుట్టినరోజు దాకా ఉండమని ఎంత బతిమాలినా, "ఈ ఊళ్లో నన్ను పట్టించుకునేవాడు ఒక్కడు లేడురా. ఉన్నా ఒకటే, పోయినా ఒకటే" అని అదే పాట.

ఆయన మనసు పట్టిందల్లా మహతితో కలిసి చూసే ఇంగ్లీషు సీరియలే. గద్దనెక్కి యుద్ధాలు చేసే తల్లిలేని రాణి కథ. ఆయనకి ఇంగ్లీషు రాదు, మహతికి తెలుగు సగమే వచ్చు. ఆ సగంతోనే కథ నడిచింది. ఆఖరి భాగానికి ముందువారం రాణి కొండమీంచి పడిపోయింది.

"తాతా, షీ డై ఆల్రెడీ లా!" అని మహతి భోరుమంది.

పెద్దాయన టీవీ ముందే చేతులు జోడించి, పిల్ల బతికితే తలనీలాలిస్తానని ఏడుకొండలవాడికి మొక్కేశాడు. ఆఖరి భాగంలో రాణి బతికింది. తాతా మనవరాలూ సోఫా ఎక్కి గంతులేశారు. చిక్కల్లా ఒకటే, అనంతరామయ్యది నున్నటి బట్టతల.

"నాకుంటే నాదే ఇద్దును కదరా! లేకనే నీది మొక్కాను."

"మరి మీసం ఎందుకు నాన్నా?"

"గద్దకి రెక్క విరిగిందిగా! అది వేరే మొక్కు."

ఈ ముచ్చట తీరిస్తేనన్నా నాలుగు రోజులు ఉంటాడేమోనని సీతారామారావు లిటిల్ ఇండియా మంగలి ముందు తల వంచాడు. తండ్రి ఆ జుట్టు పొట్లం కట్టి పెట్టెలో పెట్టుకున్నాడే గాని ప్రయాణం మానలేదు.

బెల్లు మోగింది. కమలాదేవి, ఆవిడ వెనకే కిందింటి భద్రయ్య చెప్పులు విడిచి, తలలు దించుకుని వచ్చి కూర్చున్నారు. సీతారామారావు భార్య లలితకుమారి కాఫీ ఇవ్వబోతే వద్దని చేతులూపారు.

"ఎంత మంచాయన!" కమలాదేవి కొంగు కళ్లకద్దుకుంది. "మోడైపోయిన నా కరివేపాకు మొక్కకి పుల్లమజ్జిగ పోసి బతికించారు. చివరికి మొక్క ఉంది, ఆయన లేరు."

సంగతి అర్థమై సీతారామారావు నోరు తెరవబోయాడు. అంతలో పడగ్గది తలుపు సందులో తువ్వాలు కట్టుకున్న తండ్రి కనిపించాడు. నోటిమీద వేలేసుకుని, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

తొమ్మిదో అంతస్తు చైనా ఆంటీ చావింటికి తెచ్చే తెల్ల చామంతులతో దిగింది. మార్కెట్టునుంచి రోజూ తన సంచి మోసిపెట్టాడని సైగలతో చెప్పి ముక్కు తుడుచుకుంది.

"తాత రూమ్‌లోనే ఉన్నాడు ఆంటీ" అంది మహతి.

"అవును తల్లీ, పదకొండు రోజులూ ఇంట్లోనే తిరుగుతుంటారు" అని కమలాదేవి పిల్ల తల నిమిరింది.

తలుపు వెనక అనంతరామయ్య కళ్లు తడిశాయి. భద్రయ్య మాట్లాడకుండా ఉంటే ఇంకో అరగంట అలాగే వినేవాడు.

"సాయంత్రాలు నాతో చదరంగం ఆడేవారు" అన్నాడు భద్రయ్య. "ఒక్కరోజూ గెలవలేదు. అయినా మొహం చిన్నబుచ్చుకునేవారు కాదు, పాపం."

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఎప్పుడు ఓడానయ్యా నీ చేతిలో? మొన్న నీ మంత్రిని చంపిందెవరు?"

కమలాదేవి కెవ్వుమంది. భద్రయ్య సోఫా వెనక్కి దూకాడు. చైనా ఆంటీ మాత్రం ఆయన్ని కిందనుంచి మీదదాకా ఓసారి చూసి, తెచ్చిన పూలు ఆయన చేతికే ఇచ్చింది.

మొక్కు కథంతా మహతి చెప్పాక నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఈసారి కాఫీ ఎవరూ వద్దనలేదు. అనంతరామయ్య చామంతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"బతికుండగా ఇన్ని మంచిమాటలు వినే భాగ్యం ఎవరికి పడుతుందమ్మా! మీరందరూ చల్లగా ఉండాలి. ఒరేయ్, ఆ టికెట్టు వాయిదా వేయించరా. భద్రయ్యతో లెక్క తేలాలి."

సీతారామారావు గుండు తడుముకున్నాడు. పోయింది జుట్టే, మిగిలింది నాన్న. కడుపు నిండినట్టయింది.

"హాయిగా ఉండండి మావయ్యా" అంది లలితకుమారి కప్పులు అందిస్తూ. "వచ్చే సీజన్‌కి మాత్రం మళ్లీ ఆయన జుట్టు మొక్కకండి, మీకు పుణ్యముంటుంది."

"వాడిదెందుకమ్మా? ఈసారి నీ జడ మొక్కాను."

లలితకుమారి కప్పులు వదిలేసి రెండు చేతులా జడ పట్టుకుంది.