పిన్ను పీకిన ఆదివారం

ఆదివారం నాడు ఇల్కా వేసుకున్న పథకం చిన్నదే. బన్నులు తిని, కాఫీ తాగి, చర్చిలో వాయించాల్సిన పాటలు సాధన చేసుకోవాలి. పియానో డిజిటల్‌ది. హెడ్‌ఫోన్లు తగిలిస్తే సంగీతమంతా చెవుల్లోనే. ఆమె మొగుడు ఎక్‌హార్ట్ వీస్నర్ పథకం ఇంకా చిన్నది. సాయంత్రం దాకా ఊపిరి చప్పుడు కాకుండా పీల్చుకోవాలి.

దానికి కారణం ఉంది. వాళ్ళుండే ఊరు కాస్సెల్‌లో ఆదివారం పూట మనిషిని కొడితే ఏదో సర్దిచెప్పుకోవచ్చు. గోడకు మేకు కొడితే మాత్రం క్షమాపణ లేదు. అందులోనూ ఎవరూ చప్పుడు చేయకూడని మధ్యాహ్నపు నిశ్శబ్ద వేళ అయితే ఇక చెప్పనక్కర్లేదు. పైన చప్పుడవుతోందని కింది అంతస్తు లీబొల్ట్ ముసలావిడ ఇప్పటికే రెండుసార్లు ఫిర్యాదు చేసింది. మూడోసారి వస్తే ఇల్లు ఖాళీ చేయాలన్నాడు యజమాని. ఏ చప్పుడో వీళ్ళకు అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ లేదు. ఆ ఊళ్ళో అద్దె ఇల్లు దొరకడం స్వర్గంలో చోటు దొరకడం కన్నా కష్టం. స్వర్గంలో జీతం కాగితాలు అడగరు కదా. అందుకని మొగుడూ పెళ్ళాం ఉన్ని చెప్పులేసుకుని, కుర్చీల కాళ్ళకు గుడ్డలు చుట్టి, తుమ్మొస్తే దిండులో తుమ్ముతూ బతుకుతున్నారు.

"ఎక్‌హార్ట్, ఇది పలకట్లేదు," అంది ఇల్కా గుసగుసగా.

"హమ్మయ్య!"

"హమ్మయ్యేంటి? బుధవారం చర్చిలో ఊరందరి ముందూ వాయించాలి నేను. వచ్చి చూడు. దాంతోపాటు ఇచ్చిన పుస్తకం తీసివ్వనా?"

"పుస్తకాలు చేతకానివాళ్ళకి. ట్రాములు బాగుచేసే చేతులివి."

ముందు బీరువా సందులోంచి గోడ దగ్గర తీగ చూశాడు. బాగానే ఉంది. ఆపి మళ్ళీ వేశాడు, దీపం వెలిగింది. హెడ్‌ఫోన్లు రేడియోకి తగిలించి చూశాడు, వినిపించాయి. వాటిని మళ్ళీ పియానోకి తగిలించి, సౌండు మీట తిప్పుతూ తిప్పుతూ చివరంటా తీసుకెళ్ళాడు. చడీచప్పుడూ లేదు. విసుగొచ్చి, ఉన్న బొత్తాలన్నీ వరసగా నొక్కేశాడు. ఒకటి ఎర్రగా మిణుకుమనడం మొదలుపెట్టింది.

"అదేంటి, అలా కొట్టుకుంటోంది?"

"ప్రాణం ఉందన్నమాట," అన్నాడు ఎక్‌హార్ట్, డాక్టరులాగా.

ఉన్నది ప్రాణం కాదు, పాట. అంగడికొచ్చిన వాళ్ళను మురిపించడానికి కంపెనీ వాళ్ళు లోపల పెట్టిన డప్పుల బాజా. అది పూర్తి జోరుమీద మోగుతోంది. కాకపోతే ఎవరికీ వినపడటం లేదు. హెడ్‌ఫోన్ల పిన్ను ఇందాకా, ఇప్పుడూ సగమే దిగింది. అందుకని ఇటు చెవులకూ సంగీతం లేదు, అటు గదికీ లేదు. ఇంకాస్త లోపలికి నొక్కితే సరిపోయేది. కానీ ట్రాముల పనిలో దేనిమీద అనుమానమొచ్చినా ముందు పీకి చూస్తారు. ఎక్‌హార్ట్ పీకాడు.

బీరువాలో గ్లాసులు వణికాయి. బాకాలు, తాళాలు, డప్పులు. అదీ సరిగ్గా నిశ్శబ్ద వేళలో. ఇల్కా గుసగుస మరిచి అరిచింది.

"ఆపు! ఆపు!"

"ఎక్కడ ఆపాలే?"

"పెట్టిందెవరు, నేనా?"

సౌండు మీట తిప్పబోతే చెమట చేతుల్లోకి ఊడొచ్చింది. ఆపే బొత్తాన్ని కాసేపు నొక్కి పట్టుకోవాలి. అతను ట్రాము గంటలాగా టకటకా పొడిచాడు. అది లెక్కచేయలేదు. ఇల్కా ఈకల దుప్పటి తెచ్చి పైన కప్పి, భయంలో దానిమీదే కూర్చుంది. దుప్పటి కింద పియానో మెట్లన్నీ ఒక్కసారి నలిగి, బాజాకి తోడు ఒక ఏనుగు ఘీంకారం కలిసింది.

"తీగ పీకు, మహానుభావా!"

"బీరువా వెనకుంది!"

"జరుపు మరి!"

"జరిపితే చప్పుడవుతుందే!"

ఆ మాట అని, అతను భవనం మెట్లు దిగి పరుగెత్తి, కరెంటు పెట్టెలో అన్నిటికన్నా పెద్ద మీట లాగేశాడు. బాజా చచ్చింది. దాంతోపాటు భవనమంతా చచ్చింది. కింద ఒక తలుపు తెరుచుకుంది. ఎక్‌హార్ట్ పైకొచ్చి పడి గడియ పెట్టాడు. ఇద్దరూ సోఫా వెనక నక్కారు. ఇల్కాకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"కదలకు. ఇంట్లో లేమనుకుంటుంది ముసలావిడ," అన్నాడు ఎక్‌హార్ట్.

"ఇంట్లో లేనివాళ్ళకి బాజా ఎవడు పెట్టాడంటావ్?"

తలుపు దబదబలాడింది.

"వీస్నర్ గారూ! ఉన్నారని తెలుసు. మీ ఆవిడ ఎక్కిళ్ళు వినిపిస్తున్నాయి."

ఉరికంబం ఎక్కుతున్నవాడిలా వెళ్ళి తలుపు తీశాడు. లీబొల్ట్ ఆవిడ చేతిలో మాంసం గుచ్చే పొడుగాటి ఫోర్కు. ఆమె అతన్ని చూడలేదు, అతని వెనక దుప్పటి కప్పుకున్న దాన్ని చూసింది.

"అది పియానోనా?"

"పొరపాటైందండీ. ఇక జన్మలో..."

"రోజూ ఈవిడ కూర్చునేది దాని దగ్గరేనా?"

"హెడ్‌ఫోన్లు పెట్టుకునే అండీ! ఒక్క స్వరం కూడా బయటికి రాదు!"

"స్వరం రాదయ్యా. మెట్లు నొక్కినప్పుడల్లా దడదడ వస్తుంది, సూటిగా నా నడినెత్తి మీదికి. మీరు దొంగచాటుగా బల్లలు చేసి అమ్ముకుంటున్నారనుకున్నాను. యజమానికీ అదే చెప్పాను."

ఎక్‌హార్ట్ తలుపు రెక్క పట్టుకుని అడిగాడు. "మూడోసారి కూడా... చెప్పేశారా?"

"ఇందాకే ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఇంతలో బాజా. ఓహో, సుత్తి కాదు, సంగీతమా అనుకున్నాను. సంగీతంతో నాకేం పగ? రేపు ఫోన్ చేసి పాత ఫిర్యాదులు కూడా వెనక్కి తీసుకుంటాను. కానీ ఒక షరతు. నిశ్శబ్ద వేళ దాటాక ఆ చెవి డిప్పలు తీసేసి పైకే వాయించాలి. ఎలాగూ దడదడ తప్పనప్పుడు పాటైనా దక్కనివ్వండి. ముందు ఆ మీట పైకెత్తి రండి, కరెంటు పొయ్యిలో నా బాతు సగమే ఉడికింది."

ఇల్కా సోఫా వెనకనుంచి లేచి ఆవిణ్ణి కావలించుకుని ఏడ్చింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం ఇల్కా పైకే వాయిస్తోంది. కింద లీబొల్ట్ ఆవిడ చీపురు కర్రతో కప్పు మీద తాళం వేస్తోంది, అదీ ఎప్పుడూ ఒక దెబ్బ వెనకగా. పోయిన వారం, చప్పుడు చేస్తోందని యజమాని ఆవిడకే మొదటి హెచ్చరిక చేశాడు. ఎవరు ఫిర్యాదు చేశారో అతను చెప్పలేదు. ఎక్‌హార్ట్ కూడా చెప్పలేదు.