పుట్టనివాళ్ళకు కేటాయించిన నంబర్లు

ప్రజలకు తెలియజేయునది ఏమనగా: వోనోసెకర్ జిల్లా కార్యాలయపు కొత్త కంప్యూటరులో ప్రతి ఉద్యోగికీ ఒక నంబరు ఉంటుంది. వెయ్యి లోపు నంబర్లను యంత్రం తన సొంత పనులకు, అంటే అచ్చు వేయడానికీ ఉత్తరాలు పంపడానికీ, అట్టే పెట్టుకుంది. వాటిని మనుషులు అడగరాదు. ఇది తెలియగానే మనుషులు అడిగారు.

చిన్న అంకె అయితే పెద్ద హోదా అని పై అధికారులు తేల్చారు. అచ్చు వేసే పనికున్న నంబరును జిల్లా ఉపాధిపతిగారు స్వీకరించారు. నాటినుంచి ఒక్క కాగితమూ బయటికి రాలేదు. కాగితం వాడని కార్యాలయమని బహుమతి వచ్చింది. జిల్లా అధిపతి పాక్ హర్యాది (అక్కడ పెద్దమనిషిని పాక్ అనీ, పెద్దావిడను బు అనీ మర్యాదగా అంటారు) దూరదృష్టి గలవారు. ఐదు వేల నుంచి పది వేల దాకా తమ మనవల కోసం రిజర్వు చేయించారు. కొడుక్కి ఇంకా పెళ్ళి కాలేదు. తక్కిన అధికారులకు మాత్రం వంశాలు లేవా? వారం తిరిగేసరికి ఉన్న నంబర్లన్నీ అయిపోయాయి.

సరిగ్గా అప్పుడే బు రుమ్యాతి అనే ఆవిడ కూతురు వినార్తికి రోడ్ల విభాగంలో ఉద్యోగం వచ్చింది. నంబరు లేనిదే యంత్రం ముందు కూర్చోనివ్వరు. కూర్చోనిదే ఉద్యోగం ఖాయం కాదు. మంచి జరిగినా దాని వెనక ఏ చెడు నక్కిందోనని వెతికే తల్లి బు రుమ్యాతి. అరటిపండు బజ్జీలు మూటగట్టుకుని, కంప్యూటర్లు చూసే పాక్ సుగ్యార్తో దగ్గరికి పరిగెత్తింది.

"ఒక్కటే మిగిలింది, బు. రోడ్ల విభాగంలో పనిచేసి మొన్న పోయిన పాక్ మర్సోనోది."

"చచ్చిపోయినాయన నంబరా! ఆయనొచ్చి నా బిడ్డని పట్టుకుంటేనో?"

"దయ్యం గియ్యం పట్టదు లెండి. కానీ యంత్రానికి పేర్లతో పనిలేదు, నంబరే మనిషి. ఆయన చేసినవన్నీ మీ అమ్మాయి చేసినట్టే అయిపోతాయ్. నా మాట విని వద్దనండి."

ఆమె చెవికెక్కింది దయ్యం ఒక్కటే. పసుపన్నం గోపురంలా పేర్చి, ఇరుగుపొరుగును కూర్చోబెట్టి, మర్సోనో ఆత్మశాంతికి ప్రార్థన చేయించి, ఆ నంబరే కూతురికి ఇప్పించింది.

దయ్యం రాలేదు. విచారణ సంఘం వచ్చింది. పదిహేనేళ్ళ కిందటి లెక్కల్లో ఉండి నేల మీద లేని రోడ్డును మంజూరు చేసిందెవరని అడిగితే, పాత లెక్కలన్నీ ఎక్కించుకున్న యంత్రం వినార్తి పేరు చూపింది.

"ఆ ఏడు దానికింకా పాలపళ్ళు ఊడుతున్నాయి పాక్!" అని మొత్తుకుంది తల్లి.

"బాల్యంలోనే ఇంత అవినీతా!" అని సంఘాధ్యక్షులు విచారించారు. "యంత్రం అబద్ధమాడదు, బు. ఉద్యోగం పోక తప్పదు."

"అయితే లేని మనుషులకి బోలెడు నంబర్లున్నాయి కదా! ఆ లేని రోడ్డేదో వాళ్ళ పేరునే రాసుకోండి. ఉన్న నా బిడ్డనొదిలెయ్యండి!"

సభలో చప్పట్లు మోగాయి. పాక్ హర్యాది లేచి, "భావితరాలకు మనమేదైనా మిగల్చాలని నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను!" అని కళ్ళు తుడుచుకున్నారు. సాయంత్రానికల్లా లేని రోడ్డూ, కూలిన వంతెనా, మందుల్లేని ఆసుపత్రీ పుట్టబోయే మనవల ఖాతాలోకి సాఫీగా మారిపోయాయి. వినార్తి ఉద్యోగం ఖాయమైంది.

ఇంతటి ఉపాయం చెప్పిన తల్లికి బాతిక్ వస్త్రం కప్పి సత్కరించారు. అధిపతిగారు తమ వాటాలోంచి ఒక నంబరు తీసి, ఆమెకు పుట్టబోయే మనవడికి దయచేశారు.

బు రుమ్యాతి ఆ నంబరును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఖాళీదేనా, పాక్?"

"భలేదానివే, బు! పిల్లలు పుట్టేదాకా ఖాళీగా ఎవరుంచుతున్నారు ఈ రోజుల్లో?"