అక్కకీ చెల్లికీ మధ్య గోడ

1961 ఆగస్టులో ఒక ఆదివారం తెల్లవారేసరికి, ప్రజల నిద్రకు పెద్దగా భంగం కలగకుండా, తూర్పు బెర్లిన్ ప్రభుత్వం వారు నగరాన్ని రెండుగా కోసి పెట్టారు. ముందు ముళ్ళతీగ లాగారు. తరవాత గోడ లేపారు. పడమటి శత్రువులు చొరబడకుండా, ప్రజల కోరిక మీదే ఈ ఏర్పాటు చేస్తున్నట్టు రేడియోలో ప్రకటించారు. కావలి బురుజుల మీది సైనికులు మాత్రం అస్తమానం తూర్పువైపే, అంటే సొంత ప్రజలవైపే, చూస్తూ నిలబడేవారు. శత్రువు ఎటునుంచి వస్తాడో వాళ్ళకు తెలియదని మనం అనుకోకూడదు.

ట్రాము కండక్టరు హెడ్విగ్ ఆ ఉదయం తూర్పువైపు ఇంటి మూడో అంతస్తులోని తన కిటికీ తెర తొలగించింది. వీధి మధ్యలో ముళ్ళతీగ. దాని అవతల, ఎదురింటి మూడో అంతస్తులో, నైట్‌గౌను మీదే నిలబడి చూస్తున్న అక్క ఎల్‌ఫ్రీడ.

ఆ ఇద్దరూ మాట్లాడుకుని ఆరేళ్ళయింది. తల్లి అంత్యక్రియలయ్యాక, వచ్చినవాళ్ళకు కాఫీతో పాటు హెడ్విగ్ చేసిన కేకు పెట్టారు. ఎల్‌ఫ్రీడ ఒక ముక్క నమిలి, "కాస్త ఎండిపోయింది కదూ" అంది. పదిమందిలో అంది. ఆనాటి నుంచి వీధి దాటితే చేరే ఇంటి గడప ఏ ఒక్కరూ తొక్కలేదు. రొట్టెల దుకాణంలో ఎదురుపడితే ఒకరు అద్దాల బీరువాలోకీ, ఒకరు పైకప్పుకేసీ చూసేవారు.

ఇక వెళ్దామన్నా వీలు లేదని హెడ్విగ్‌కి అప్పుడు అర్థమైంది. అవతల అక్క చెయ్యెత్తి ఊపింది. హెడ్విగ్ రెండు చేతులూ ఊపింది. చుట్టాలంతా కలిసి ఆరేళ్ళలో చేయలేని రాజీ, ప్రభుత్వం వారు ఒక్క పూటలో కుదిర్చిపెట్టారు.

మర్నాడే ఒక పోలీసు మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, సరిహద్దు వైపు చెయ్యి ఊపకూడదు."

"కిటికీ తుడుచుకోవచ్చా?"

అతను ఆలోచించాడు. "శుభ్రత మీద నిషేధమేం లేదు."

అప్పటినుంచి హెడ్విగ్ ప్రతి ఆదివారం పెద్ద తెల్లగుడ్డ పుచ్చుకుని, చేతులు బారచాపి, కిటికీ అద్దం తుడిచేది. అవతల ఎల్‌ఫ్రీడ దుప్పటి దులిపేది. ఆ అద్దం తళతళలు చూసి, వీధి కమిటీవారు సోషలిస్టు పరిశుభ్రతకు ఆదర్శమంటూ హెడ్విగ్ తలుపుకి ఒక ఇత్తడి బిళ్ళ బిగించారు. సరిహద్దు వీధుల్లో తమకు నమ్మకం లేనివాళ్ళను ఖాళీ చేయించినప్పుడు ఆమె జోలికి పోలేదు. కిటికీని అంత ప్రేమగా చూసుకునే మనిషి దాన్ని వదిలి అవతలికి పారిపోతుందా?

పడమటివైపు శ్రద్ధ మరో రకం. గోడ పక్కన, అవతలికి చూడటానికి చెక్క మంచె కట్టారు. దాని మీద ఎల్‌ఫ్రీడను నిలబెట్టి పత్రికలవాళ్ళు ఫొటోలు తీశారు. నగర మండలి సభ్యుడు డాక్టర్ ప్రీల్ ఏటా ఆగస్టులో ఆ మంచె ఎక్కి, "రక్తసంబంధాన్ని ఏ గోడా విడదీయలేదు. ఈ తోబుట్టువుల కన్నీరే దీన్ని కరిగిస్తుంది" అనేవారు. జనం కళ్ళు ఒత్తుకునేవారు. ప్రసంగం బాగుండటంతో ఆయన దాన్ని ఎన్నడూ మార్చలేదు.

1963 క్రిస్మస్‌కి ప్రభుత్వాలు దయతలిచాయి. పడమటివాళ్ళు ఒక్కరోజు ఇవతలికి వచ్చి బంధువులను చూసి వెళ్ళొచ్చన్నారు. ఎల్‌ఫ్రీడ మంచులో గంటలకొద్దీ నిలబడి అనుమతి సంపాదించుకుని వచ్చింది. గుమ్మంలోనే అక్కాచెల్లెళ్ళు ఒకరి భుజం ఒకరు తడిపేశారు. తరవాత ఎల్‌ఫ్రీడ సంచీలోంచి కాఫీ పొట్లం తీసింది.

"ఉంచుకోవే. పాపం, మీ దగ్గర దొరకదుగా."

"మా దగ్గరా దొరుకుతుంది. నిలబడే ఓపికుండాలంతే."

"నేను ప్రేమగా తెస్తే నీకు ఎత్తిపొడుపు మాటలా?"

"ప్రేమగా తెచ్చినవాళ్ళు పాపం అనరక్కా."

అర్ధరాత్రిదాకా గడువుండగానే ఎల్‌ఫ్రీడ కోటు తొడుక్కుంది. ఆ ఆదివారం మాత్రం తెల్లగుడ్డా దుప్పటీ ఎన్నడూ లేనంత ఆర్తితో రెపరెపలాడాయి.

దశాబ్దం గడిచాక రాకపోకల నిబంధనలు సడలాయి. ఎల్‌ఫ్రీడ తలచుకుంటే తరచూ రావచ్చు. ఆమెకు ఒక ఏడు మోకాలి నొప్పి, ఒక ఏడు పిల్లికి జబ్బు. హెడ్విగ్ కూడా రమ్మని ఒత్తిడి చేయలేదు. మంచె మీది కన్నీటికి మాత్రం లోటు రాలేదు. అది దొంగ ఏడుపు కాదు. దూరం నుంచి చూసుకుంటే ఇద్దరికీ ప్రాణం నిజంగానే కొట్టుకునేది.

1989 నవంబరులో గోడ తెరుచుకుంది. హెడ్విగ్ పరుగున వెళ్ళి, ఆ జనసముద్రంలో అక్కను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఇక మీ మధ్య ఏ అడ్డూ లేదు" అన్నారు ప్రీల్ గారు. ఆ మాటకి హెడ్విగ్ ఒళ్ళు ఎందుకో జలదరించింది.

మర్నాటినుంచి ఎల్‌ఫ్రీడ రోజూ వచ్చేది. గోడలకు ఈ రంగేమిటే అనేది. హెడ్విగ్ వెళ్ళి, ఒక్క మనిషికి ఇన్ని సోఫాలెందుకక్కా అనేది. ఈస్టరుకల్లా మాటలు బందయ్యాయి. ఆదివారం అలవాటుగా గుడ్డ పుచ్చుకుని కిటికీ దగ్గరికి వెళితే అవతల తెర మూసి ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ళలో ప్రభుత్వం వారు కూడా ఆమెను అంత బాధపెట్టలేదు.

వేసవిలో ఆ వీధిలోని గోడను కూల్చడానికి యంత్రం వచ్చింది. చప్పుడు వినగానే అటు ఎల్‌ఫ్రీడ, ఇటు హెడ్విగ్, ఇంట్లో చెప్పులతోనే దిగివచ్చి దానికి అడ్డంగా నిలబడ్డారు.

"దీన్ని పడగొట్టమనే కదమ్మా ఇన్నేళ్ళూ ఏడ్చారు?" అన్నాడు డ్రైవరు.

"ఏడ్చాం" అంది ఎల్‌ఫ్రీడ. "అది ఉందని ఏడ్చాం. అది పోయాక మాకు ఏడవడానికి తీరికేదయ్యా, కొట్లాటే సరిపోతోంది."

"ఈ ఇళ్ళ ముందరి ముక్క ఒక్కటి వదిలెయ్యి నాయనా" అంది హెడ్విగ్.

యంత్రం ఆగింది. ఆ ఆదివారం ఎదురింటి తెర తొలగింది. దుప్పటి దులుపుతున్న అక్కను చూసి హెడ్విగ్, అప్పటికే మెరుస్తున్న అద్దాన్ని మళ్ళీ మొదటినుంచి తుడిచింది.

గోడతో పాటు ప్రసంగం కూడా పోయి దిగులుగా ఉన్న ప్రీల్ గారు ఈ కబురు విని ఉత్సాహంగా వచ్చారు. "భావితరాలకు ఇది పాఠం" అన్నారు. "భావితరాలకు కాదండీ, మాకు" అంది హెడ్విగ్. ఆయన భావితరాలకనే రాసుకుని, ప్రజల మద్దతు కోసం రొట్టెల దుకాణం ముందు సంతకాల బల్ల వేయించారు.

నలుగురైనా వస్తారా అనుకుంటూ వెళ్ళిన హెడ్విగ్‌కి మలుపు దాటి సాగిన వరస కనిపించింది. పడమటివాళ్ళు ప్రతిదానికీ పాఠాలు చెబుతారని తూర్పువాళ్ళూ, తూర్పువాళ్ళు ప్రతిదానికీ సణుగుతారని పడమటివాళ్ళూ కలిసిమెలిసి నిలబడ్డారు. తోపులాట లేదు. ఒకరి కలం ఒకరు ఇచ్చుకుంటున్నారు. ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఈ ఒక్క వీధికేనా అమ్మా? మావైపుకి కూడా కాస్త పొడిగించే వీలుందేమో అడగరాదూ" అన్నాడు. వరసంతా తలూపింది.

రెండు జర్మనీలూ, వాటి ప్రజల మనసులూ ఒక్కటయ్యాయని ఆ అక్టోబరులో ప్రభుత్వం వారు అధికారికంగా ప్రకటించారు.