ముప్పై ఇళ్లకు ఒక్క బొద్దు బిడ్డ

పొద్దున్నే బస్సెక్కేటప్పటికి రామలక్ష్మి ప్రణాళిక చాలా సులువుగా ఉంది. బాన్ అక్యూయ్ అనే ఊళ్లో ముప్పై ఇళ్లు తిరగాలి, ఒక్కో ఇంట్లో పన్నెండు ప్రశ్నలు అడగాలి, సాయంత్రం తిరుగు బస్సు పట్టుకోవాలి. ప్రభుత్వం ఇంటింటికీ పంచుతున్న పాలపొడి నిజంగా పసిపిల్లల కడుపులోకి వెళుతోందా లేదా అన్నది తేల్చాలి.

అది 1965. ప్రభుత్వ విధానాలు ఎలా తయారవుతాయో, అవి పనిచేశాయో లేదో ఎలా కనిపెట్టాలో ద్వీప రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఏడాదిపాటు సాయంత్రం క్లాసుల్లో చదువుకున్న ఎనిమిది మందిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఎనిమిది మందికీ ఎనిమిది ఊళ్లు అప్పగించారు. ట్రియోలే తోటల్లో చెరకు నరికి ఆమెను చదివించిన తండ్రి శివరాం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పక్క సీట్లో కూర్చున్నాడు.

"నువ్వెందుకు నాన్నా?"

"ఆ ఊరి గుళ్లో పదేళ్లుగా భజన చేయిస్తున్నా. నా కూతురు గవర్నమెంటు మనిషై ఆ వీధిలో నడుస్తుంటే చూడొద్దా? కొట్టు దగ్గర కూర్చుంటా. నోరు విప్పను."

విప్పాల్సిన నోరు పోయిన శనివారం భజనలోనే విప్పేశాడని ఆమెకు తెలియదు. "మా అమ్మాయి పాలపొడి సంగతి అడగడానికి వస్తోంది, కాస్త పరువు నిలబెట్టండి" అన్నాడు, అంతే. ఆ మాట కొట్టు దాటేసరికి "మంచి జవాబు చెప్పకపోతే పొడి ఆపేస్తారట" అయింది. చెరకు తోట దాటేసరికి "బొద్దు బిడ్డను చూపించిన ఇంటికి ఆవునిస్తారట" అయింది.

మొదటి ఇల్లు సుబ్బమ్మది. చంకలో నీలం టోపీ పెట్టుకున్న బిడ్డ ఉన్నాడు, బుగ్గలు బూరెల్లా ఉన్నాయి.

"బొన్‌జూర్ మామ్‌జెల్! దిలే లాపూద్, అదే మీ పాలపొడి, బహు బాగుంది. రోజుకు రెండుసార్లు తాగుతాడు."

"నేనింకా ఏమీ అడగలేదు పిన్నీ."

"అడుగు తల్లీ. జవాబు మాత్రం అదే."

బిడ్డ పేరు వీరాస్వామి అని రాసుకుంది. మూడో ఇంట్లో ఎంకన్న కూడా నీలం టోపీతోనే ఉన్నాడు. కొంచెం ఆయాసపడుతున్నాడు. పథకం ఇంత బాగా పనిచేస్తున్నందుకు రామలక్ష్మి ఛాతీ ఉప్పొంగింది. "పిల్లలు ఆరోగ్యంగా, దాదాపు ఒకే పోలికలో ఉన్నారు" అని శ్రద్ధగా నమోదు చేసింది.

ఆరో ఇంటికి చేరేసరికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. టోపీ లేదు, నుదుట పెద్ద బొట్టుంది. పేరు పార్వతీదేవి అన్నారు. రామలక్ష్మి ముద్దుగా దగ్గరికి తీసుకోగానే పార్వతీదేవి ఆమె ప్రశ్నపత్రాల మీద ధారగా పోసి, తను మగబిడ్డనని సందేహానికి తావు లేకుండా తేల్చేసింది.

అదే క్షణంలో వీధిలో కేక వినిపించింది. చెరకు తోటలో పనికి వెళ్లి వచ్చిన పోలమ్మకు ఉయ్యాల ఖాళీగా కనబడింది. సుబ్బమ్మను అడిగితే పక్కింటివాళ్లు తీసుకెళ్లారంది. పక్కింటివాళ్లు ఆ పక్కింటి పేరు చెప్పారు. కొట్టు దగ్గరికి ఈ వార్త "బిడ్డను ఎత్తుకుపోయారు" అని చేరింది. చెరకు కత్తులతో పదిహేను మంది మగాళ్లు బయల్దేరారు. వాళ్ల ముందు, గొంతు పెద్దది కాబట్టి, శివరాం.

అందరూ ఆరో ఇంటి గుమ్మంలోకి తోసుకొచ్చేసరికి బిడ్డ గవర్నమెంటు మనిషి ఒళ్లో ఉన్నాడు.

పాలపొడి బిడ్డని చూపిస్తున్నామని ఇంటావిడ నసిగేలోగా పోలమ్మ లాక్కుంది. "ఆయో! నా రామలును పాలపొడి బిడ్డంటారా? వీడు ఆ డబ్బా మొహమే చూడలేదు! నా పాలు తాగి పెరిగాడు!"

రామలక్ష్మి తడిసిన కాగితాలు పక్కన పెట్టింది.

"పన్నెండు ప్రశ్నలూ వద్దు. ఒక్కటి చెప్పండి. డబ్బా ఇంటికొచ్చిన రోజు ఏం చేశారు?"

సుబ్బమ్మ తల దించుకుంది. "కాలవ నీళ్లలో కలిపి పట్టాను. పిల్లాడికి మూడు రోజులు విరేచనాలు. డబ్బా మీద రాసింది ఇంగ్లీషు, ఎవరికి తెలుసు తల్లీ? పారెయ్యడానికి మనసొప్పక పాలకోవా చేశాం."

"ఎవరికి?"

"శనివారం భజనకి."

ఆర్నెల్లుగా ఆ ప్రసాదాన్ని ఊరూరా పొగుడుతున్న శివరాం గోడవైపు తిరిగాడు.

చీకటి పడేలోగా ముప్పై ఇళ్లూ మొదటి నుంచి తిరిగింది. పిల్లలు పొడి పాలు తాగుతున్నది రెండిళ్లలో. తిరుగు బస్సులో ఆమె కాగితాలు ఒళ్లో పెట్టుకుని తండ్రి వైపు తిరిగింది. "ఇది రాస్తే పథకం ఎత్తేస్తారేమో నాన్నా. ఊరికి చెడ్డపేరు. నీకూ..."

"రాయమ్మా" అన్నాడు శివరాం. "కోవా సంగతి కూడా రాయి. పసివాళ్ల నోటిది తిని దేవుడి పాట పాడాను. నువ్వు అబద్ధం రాస్తే నేను నరికిన చెరకంతా దండగ."

రాసింది. ఆఫీసులో పై అధికారి మార్సెల్ కళ్లజోడు తీసి ఆమెను చూశాడు.

"తక్కిన ఏడు ఊళ్లలో నూటికి నూరు. మీ ఊళ్లో ముప్పైకి రెండా?"

"అవును సార్. పొడి మంచిదే. నీళ్లు మంచివి కావు, డబ్బా మీది మాట అర్థం కాదు. ఆపకండి, నేర్పించండి."

ఆయన నివేదికను మొదటి నుంచి మళ్లీ చదివాడు, కోవా దగ్గర కాస్త ఆగాడు. "ఎనిమిదింటిలో నాకేదైనా పని చెప్పింది ఇదొక్కటే" అన్నాడు.

నెల తిరక్కుండా జోసెలిన్ అనే నర్సు స్టవ్వుతో సహా బాన్ అక్యూయ్ వచ్చింది. నీళ్లు మరగబెట్టి, పొడి కొలిచి, ఊరివాళ్లకు అర్థమయ్యే క్రియోల్‌లో చెప్పి, ఇంటింటా చేయించి చూపింది. ఏడాది చివరికి ఇరవై ఆరు ఇళ్లలో పిల్లలు పాలు తాగుతున్నారు. శివరాం ప్రతి శనివారం భజన ఆపి మరీ ఆ అంకె చెప్పేవాడు. ఎవరూ విసుక్కోలేదు.

పథకం నూటికి నూరు పాళ్లు విజయవంతమైన తక్కిన ఏడు ఊళ్లలో మాత్రం పిల్లలు ఇంకా ఆ పాలు ముట్టలేదు.