నాంచారమ్మ నమిలిన బియ్యం

"ఈ కళాశాలలో ఇకపై సత్యం శాస్త్రీయంగా తేలును!"

1998లో మా స్టాటిస్టిక్స్ హెడ్డు కోటేశ్వరరావు గారు తీసిన సర్క్యులర్ ఇది. మాది విజయవాడలో పేరున్న కాలేజీ. స్టాఫ్ రూములో శాంభవి మేడమ్ గొలుసు పోయింది. స్టాఫ్ నలభైమందిమి, విచారణాధికారి ఆయన. ఇంతకీ ఆయన శాస్త్రం ఏమిటయ్యా అంటే, మంత్రించిన బియ్యం! వన్ టౌన్‌లో ఎవరో స్వామి ఇచ్చాడట. నమిలి ఉమ్మాలి. తడిస్తే దొర, పొడిగా రాలితే దొంగ. పదింట తొమ్మిదిసార్లు గ్యారంటీ!

మొదటి పిలుపు గది ఊడ్చే ఆయా నాంచారమ్మకి. బందరు దగ్గర చేపలు పట్టే కుటుంబం, ఇప్పుడు ఈ ఉద్యోగం మీదే ఇల్లు గడవాలి. భయంతో నోరు పిడచగట్టుకుపోయింది. బియ్యం పొడిపొడిగా రాలాయి. విచారణ సమాప్తం! మిగతా ముప్ఫై తొమ్మిది నోళ్ళకీ శ్రమ తప్పింది.

నేను జూనియర్ లెక్చరర్ని, అయినా నోరు ఊరుకోలేదు.

"గ్యారంటీ నిజమే అనుకుందాం సార్. దొంగ నోరు పదింట తొమ్మిదిసార్లు ఎండుతుంది, అమాయకుడి నోరు పదింట ఒక్కసారే. కానీ దొంగ ఒక్కరు, అమాయకులు ముప్ఫై తొమ్మిదిమంది! అందరూ నమిలితే ఇంచుమించు నలుగురు అమాయకులకి నోరెండుతుంది, దొంగతో కలిపి అయిదుగురు. నోరెండిన అయిదుగురిలో దొంగ ఒక్కరే కదండీ!"

"బేయిస్ సిద్ధాంతం నాకే చెబుతావా? ఇరవయ్యేళ్ళుగా పాఠం చెబుతున్నాను. అది పది మార్కుల ప్రశ్నయ్యా! ఇది అడ్మినిస్ట్రేషన్!"

ఆయన మీద మిగిలిన కాస్త గౌరవమూ అప్పుడే చచ్చింది నాకు.

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. "అయ్యగారూ, తమరూ ఓ గుప్పెడు నమలండి. నిజాయితీ గల నోరు ఎట్టా ఉంటదో చూసి పోతాను."

ఆయన నవ్వి, నోట్లో పోసుకున్నారు. అందరి కళ్ళూ ఆయన దవడల మీదే. నమిలారు, నమిలారు, పళ్ళెంలో ఉమ్మారు.

పొడి పిండి!

ఒక్క గెంతులో బోర్డు దగ్గరికెళ్ళి సుద్దముక్క అందుకున్నారు. "నలభైమందిలో దొంగ ఒక్కరు! ఎండే అమాయకపు నోళ్ళు నాలుగు! కాబట్టి నేను అయిదింట నాలుగు పాళ్ళు నిర్దోషిని! ఇదీ బేయిస్ సిద్ధాంతం!" అక్షరం పొల్లు పోకుండా నా లెక్కే. చప్పట్లు మోగాయి. శాంభవి మేడమ్ అందరికంటే గట్టిగా కొట్టారు.

"మరి నాంచారమ్మ, సార్?"

"సస్పెన్షన్ ఆర్డరు టైపయిపోయిందయ్యా, ఏం చేస్తాం!" అని ఆమె వైపు తిరిగారు. "నాంచారమ్మా, పోయేముందు ఆ బోర్డు తుడిచి పో!"