లంచ్ రూమ్ ఏసీ చల్లగా ఉండాలి

మనుషులు ముఠాలు కట్టడం చెడ్డదని ఎవరన్నారండీ? మన ఒంట్లో ప్రతి కణమూ చేసే పనే అది. నమ్మరా? కణాల పైపొరను పోలిన బుడగలు చేసి మైక్రోస్కోప్ కింద పెట్టడం పదకొండేళ్లుగా నా ఉద్యోగం. ల్యాబులో నన్ను 'బుడగలాయన' అంటారు. అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు.

ఆ పొరలో ముఖ్యంగా ఉండేది కొవ్వే. తోక నిటారుగా ఉన్న కొవ్వులు కొన్ని, వంకర తిరిగినవి కొన్ని. వెచ్చగా ఉన్నంతసేపు పాలూ నీళ్లలా కలిసే ఉంటాయి. కాస్త చల్లబరిచామా, నిటారు తోకలన్నీ ఒకచోట చేరి గుండ్రంగా మడుగు కడతాయి. కొలెస్టరాల్ కూడా వెళ్లి వాటి మధ్యే దూరుతుంది. పెద్దల పక్కన చోటు ఎవరికి చేదు?

మా లంచ్ రూమ్ ఏసీ పద్దెనిమిది మీద ఉంటుంది. గుండ్రటి బల్ల చుట్టూ ప్రొఫెసర్లు. వాళ్లనే అతుక్కుని మేనేజర్ గారు. కిటికీ దగ్గర స్టూడెంట్లు. ఫ్రిజ్ పక్కన నేను. ఎంత ప్రశాంతత! ఇంటికెళ్తే మా ఆవిడ, "ఇవాళ ఎవరితో కూర్చుని తిన్నారు?" అంటుంది. "ఫ్రిజ్‌తో" అంటాను.

కొవ్వులు ఎందుకు విడిపోతాయో పూర్తిగా అంతుపట్టడం లేదని పెద్ద ప్రొఫెసర్ గారు ఆ బల్ల దగ్గరే వాపోతుంటారు. తలెత్తి గదంతా ఒకసారి చూస్తే సరిపోయేది. చెప్పడానికి నేనెవర్ని?

మొన్న సోమవారం ఏసీ మొరాయించింది. గది ఉడికిపోయింది. అందరూ డబ్బాలు పట్టుకుని వరండాలో ఉన్న ఒక్క పొడుగాటి బెంచీ మీదికి ఎగబడ్డారు. పెద్ద ప్రొఫెసర్ గారు నా భుజానికి భుజం తగిలేలా ఇరుక్కుని, "బుడగలు మీకు అంత చక్కగా ఎలా వస్తాయండీ? నేను చేస్తే చితికిపోతాయి" అన్నారు. చెప్పాను. "ఇంతకీ మీ పేరేంటి?" అన్నారు. అదీ చెప్పాను, ఇంటిపేరుతో సహా.

ఎంత క్రమశిక్షణ తప్పిన రోజు! అదృష్టం కొద్దీ మంగళవారం మెకానిక్ వచ్చి బాగుచేశాడు. ఎవరి బల్లకు వాళ్లు, ఫ్రిజ్‌కు నేను. ధర్మం మళ్లీ నాలుగు పాదాల మీద నడిచింది.

కాబట్టి పాఠకులారా, చలిని కాపాడుకోండి. మా దగ్గర అదే కష్టమైపోయింది. బుధవారం నుంచి ఏసీ రిమోట్ కనబడటం లేదు, అది లేనిదే ఏసీ ఆన్ కాదు. మేనేజర్ గారు బీరువాలన్నీ గాలించి, బెంచీ మధ్యలో కూర్చున్న నన్ను కూడా అడిగారు, పేరు పెట్టి పిలిచి మరీ.

తెలియదన్నాను. రిమోట్ నా డబ్బా సంచిలో, చెంచా పక్కన భద్రంగా ఉంది.